ఇంటికి ఒక్కటే

నెల్స్‌బర్గ్, మిన్నెసోటా
1984 అక్టోబరు 14, ఆదివారం

లవోన్,

నీ కవరు గురువారం అందింది. కాఫీ తగ్గింపు కూపన్లు ఆరు, గోధుమపిండివి మూడు, బట్టల సబ్బు పొడివి నాలుగు తీసుకున్నాను. మన పద్ధతి ప్రకారం బదులు పదమూడు పెట్టి తిప్పి పంపుతున్నాను. పిల్లి తిండి కూపన్లు ఎందుకు పంపుతావే? మా పిల్లి చచ్చి రెండేళ్ళయింది. యూనియన్ హాల్లో నా బల్ల మీద పెడితే అవి కూడా పోతున్నాయి. తీసుకునేవాళ్ళకు పిల్లి ఉందో లేదో నేను అడగను.

జీతాలు తగ్గించారని సమ్మె మొదలై ఐదు వారాలు. ట్రోస్విక్ మాంసం ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళు పంది తొడలు కోసిన మీ బావ ఇప్పుడు అదే గేటు బయట రోజుకు ఆరు గంటలు బోర్డు పట్టుకుని నిలబడతాడు. యూనియన్ వారానికి నలభై డాలర్లు ఇస్తోంది. అందుకే హాల్లో ఈ కూపన్ల బల్ల పెట్టాను. మంగళవారాలు ఆడవాళ్ళకు సబ్బు చెయ్యడం నేర్పుతున్నాను. పంది కొవ్వు, కాస్టిక్ సోడా, నీళ్ళు. సోడాను నీళ్ళలో వెయ్యాలి గాని, సోడా మీద నీళ్ళు పొయ్యకూడదని ముప్పైసార్లు చెప్పాను. ఎదురింటి బర్నీటా వినలేదు. మణికట్టు మీద నాణెమంత బొబ్బ. ఆమె మొగుడు లైల్ సమ్మె కమిటీలో ఉన్నాడు గనక ఆమెకు ఎవరూ ఏమీ చెప్పకూడదు.

సోమవారం కంపెనీ మనవాళ్ళ బదులు పనికి బయటి మనుషులను బస్సులో తెచ్చింది. మనవాళ్ళు అద్దాలన్నీ పగలగొట్టారు. లోపలున్న ఒకతని చెవి సగం తెగి వేలాడింది. ఆ మర్నాడు ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ ట్రోస్విక్ మాంసం డబ్బాలు తెచ్చి గేటు ముందు పోసి ట్రాక్టరుతో తొక్కించారు. ఇక ఈ ఊళ్ళో ఏ గడపలోనూ ట్రోస్విక్ సరుకు ఉండకూడదని ఒట్టు. నేను ఇరవై మూడు డబ్బాలు ఇచ్చాను. అన్నీ సగం ధరకు కొన్నవే. మీ బావ పక్కన నిలబడి నవ్వాడు. "దయ్యం యాభై సెంట్లు తగ్గిస్తానంటే నరకానికైనా సంచీ పట్టుకుని పోతావు. నువ్వా ఇచ్చేది!"

బుధవారం కొట్లో, మన లైబ్రరీలో పనిచేసే ఒకావిడ సరుకుల బండిలో ట్రోస్విక్ మాంసం పొట్లం కనిపించింది. "ఏమ్మా, దాని మీద పేరు చదవడం రాదా?" అంది బర్నీటా.

"నలభై సెంట్లు తగ్గింపుంది. మా ఆయనేం మీ ఫ్యాక్టరీలో చెయ్యడు కదా."

"మీ ఆయన చెయ్యడు. మా ఆయన చేస్తాడు." అంటూనే జుట్టు పట్టుకుని ఆమె మొహాన్ని ఫ్రిజ్ తలుపుకేసి కొట్టింది. రెండుసార్లు. ముందు పన్ను ఊడి నేల మీద పడింది. నేను అక్కడే ఉన్నాను, ఆపలేదు. ఆవిడ చేతిలోంచి జారిన కూపను తీసి చింపేశాను.

చలి మొదలైంది. పులియబెట్టిన క్యాబేజీ రెండు జాడీలు అయింది. మీ ఆయన డెల్బర్ట్ నడుం నొప్పి ఎలా ఉందో రాయి.

నీ అక్క
ఆర్డిస్


టొలీడో, ఒహాయో
అక్టోబరు 22

అక్కా,

పన్ను ఊడిన సంగతి సబ్బు సంగతి రాసినంత తాపీగా రాశావు. రెండుసార్లు చదివాను.

యుద్ధం మీ ఊళ్ళోనే ఉందనుకోకు. మా కొట్లో బుధవారాలు కూపను విలువకు రెట్టింపు తగ్గిస్తారని నీకు తెలుసు. మొన్న పంచదార అరల దగ్గర చివరి నాలుగు సంచులు మిగిలాయి. మూడు నేను తీసుకున్నాను. వెనకనుంచి ఒకావిడ, "ముసలిదానా, నీకు సిగ్గుందా?" అంది. నాకు నలభై ఒకటి! "సిగ్గుకు కూపను లేదమ్మా" అన్నాను. బొప్పాయిల్లాంటి చేతులు ఆవిడవి. పీచ్ పళ్ళ డబ్బా తీసి నుదుటి మీద కొట్టింది. కనుబొమ్మ దగ్గర మూడు కుట్లు. సంచులు మాత్రం వదల్లేదు. డబ్బు కట్టేచోట అమ్మాయి రక్తం చూసి ఏడుస్తుంటే, "ముందు కూపన్లు కొట్టమ్మా, తర్వాత ఏడుద్దువు గాని" అన్నాను. డెల్బర్ట్ ఆసుపత్రికి తీసుకెళ్తూ దారంతా నన్ను తిట్టాడు. కుట్ల ఖర్చు పంచదార మీద మిగిలినదానికి పదిరెట్లట. ఆయనకు ఇవి అర్థం కావు.

మా లేబుళ్ళ క్లబ్బు ఇప్పుడు పదకొండు మంది అయింది. డబ్బాల మీది లేబుళ్ళు కంపెనీకి తిప్పి పంపితే కొంత డబ్బు వాపసు చెక్కుగా వస్తుంది కదా. "ఇంటికి ఒక్కటే" అని అడుగున చిన్న అక్షరాల్లో వేస్తారు. మా ఫిలిస్ ఏడు ఇళ్ళ పేర్ల మీద పంపుతుంది. వాటిలో రెండు ఇళ్ళవాళ్ళు శ్మశానంలో ఉన్నారు. చెక్కులు మాత్రం వస్తూనే ఉంటాయి.

మీ సంగతి చదివి ఊరికే కూర్చోలేకపోతున్నాను. ఆ కంపెనీని మీరు గేటు దగ్గర కొట్టండి. ఇక్కణ్ణుంచి కొట్టే దారి నాకూ ఒకటి తోచింది. మీకో చిన్న కానుక కూడా తయారవుతోంది. ఆరేడు వారాల్లో చేరుతుంది. ఏమిటని అడక్కు.

బావను చలికి జాగ్రత్తగా ఉండమను.

నీ చెల్లి
లవోన్


నెల్స్‌బర్గ్
నవంబరు 11

లవోన్,

కుట్లు విప్పారా? మచ్చ పడితే పడింది గాని, మూడు సంచులకు పోరాడినదాన్ని నేను తిట్టలేను.

ఫోను తీయించేశాం. నెలకు పదకొండు డాలర్లు మిగులుతాయి, బూతులు వినే బాధా తప్పుతుంది. రోజూ ఎవరో చేసి మీ బావ గొంతు కోస్తామనేవారు. కంపెనీ మనుషులని ముందు అనుకున్నాను. ఇప్పుడు అంత నమ్మకంగా చెప్పలేను. ఎందుకో రాస్తాను.

ఈ నెల రెండున, శుక్రవారం పొద్దున కంపెనీ లారీ ఒకటి గేటు దగ్గర ఆగకుండా వచ్చి బోర్డు పట్టుకుని నిలబడ్డ మన ఐనార్ మీదుగా పోయింది. అరవై రెండేళ్ళ మనిషి. కాలు మోకాలి కింద పిండి అయింది, తీసేశారు. మధ్యాహ్నం పని దిగి బయటికొస్తున్న ఒక కొత్త మనిషి కారును మనవాళ్ళు చుట్టుముట్టారు. అతన్ని కిటికీలోంచి లాగారు. లైల్ ఇనప కడ్డీ ఎత్తాడు. కింద పడ్డవాడు తల మీద చేతులు పెట్టుకుని తల్లిని పిలుస్తున్నాడట. మీ బావ వెనకనుంచి లైల్ మెడ పట్టి కడ్డీ లాక్కున్నాడు.

"వదలరా ఆర్లో! ఐనార్ కాలు చూడలేదా నువ్వు?"

"చూశాను. ఆ లారీ నడిపింది వీడు కాదు. కొడితే చస్తాడు, చస్తే నువ్వు జైల్లో, సమ్మె గోతిలో."

ఆ మనిషి పాక్కుంటూ కారెక్కి పోయాడు. అప్పట్నుంచీ మీ బావ హాల్లోకి వస్తే మాటలు ఆగిపోతున్నాయి. బర్నీటా నాతో, "మీ ఆయనకు కంపెనీ మీద జాలి ఎక్కువే" అంది, నవ్వుతూనే. నేనూ నవ్వాను.

సబ్బులు పన్నెండు పంపుతున్నాను. నాలుగు వారాలు ఆరనిచ్చాకే వాడు. ఈ మాసపు కూపన్లలో సబ్బులవి నీకే వదిలేశాను, ఇక్కడ ఎవరికీ అవసరం లేదు. ఊరంతా నా సబ్బే.

ఆర్డిస్


టొలీడో
నవంబరు 19

అక్కా,

సబ్బులు వచ్చాయి. డెల్బర్ట్ వాసన చూసి, "మీ అక్క పందికి స్నానం చేయించి పంపిందా?" అన్నాడు. రెండు రోజుల తర్వాత దొంగచాటుగా అదే వాడుతున్నాడు.

బావ చేసింది మంచిపనే. కానీ ఊరు ఒక పక్క నిలబడినప్పుడు మంచిపని కూడా చూసి చెయ్యాలి. ఆయనకు చెప్పు.

నేను మొదలెట్టిన పని బాగా సాగుతోంది. క్లబ్బులో అందరూ అటకల మీంచి పాతవి తీసి ఇచ్చారు. ఐదేళ్ళ నాటివి కూడా ఉన్నాయి. అంతకంటే చెప్పను. డెల్బర్ట్ మీకు విడిగా ఒక పార్సెల్ కట్టాడు, ఈ వారం పోస్టులో పడుతుంది. ఇక ఫోను కూడా లేదు. రాస్తూ ఉండు, రెండు ముక్కలైనా సరే.

లవోన్


నెల్స్‌బర్గ్
డిసెంబరు 9

లవోన్,

నువ్వన్న కానుక చేరింది. కాఫీ, పంచదార, ఉన్ని మేజోళ్ళు. డెల్బర్ట్‌కు చెప్పు, ఈ నెలలో మా ఇంట్లోకి వచ్చిన మంచి వస్తువు అదొక్కటే.

మంగళవారం బర్నీటా తలుపు కొట్టింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఏమే ఆర్డిస్, మీ ఆయనకు ట్రోస్విక్ ఎంతిస్తోంది?"

"ఏం మాటలవి?"

"మా మరిది పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తాడు. తెలుసుగా? ఒక్క వారంలో నాలుగు. కంపెనీ ముద్ర ఉన్న కవర్లు, లోపల చెక్కు కనిపిస్తోంది. ఆర్లో హౌగెన్ పేరు మీద. మా ఆయనకు నలభై డాలర్లు, మీ ఆయనకు రెండు చేతులా! కడ్డీ ఊరికే లాక్కున్నాడనుకున్నాం."

తలుపు మొహాన వేశాను. పోస్టు డబ్బా తాళంచెవి మీ బావ దగ్గరే ఉంటుంది, నాకు ఏ కవరూ కనిపించలేదు. కానీ బుధవారం పొయ్యిలో బూడిద తీస్తుంటే కవరు మూల ఒకటి దొరికింది. దాని మీద ట్రోస్విక్ పంది బొమ్మ సగం ఉంది.

మీ బావ రాగానే దాన్ని బల్ల మీద పెట్టాను. "ఏమిటిది?" అన్నాను.

ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "నువ్వు నన్నడుగుతున్నావా?" అన్నాడు.

"నిన్ను కాక ఎవర్నడగను?"

"అయితే అడక్కు. కాల్చేశాను, అయిపోయింది. ఇక మీద రానివ్వకు."

రానివ్వకు అని నాతో అంటాడేం? పంపేది వాళ్ళు, తీసుకునేది ఈయన. కొట్టబోతున్నవాణ్ణి ఆపిన రోజు నుంచే మొదలై ఉండాలి. కబుర్లు చేరవేస్తున్నాడేమో. బూడిద అబద్ధం చెప్పదు కదా.

గురువారం పొద్దున లేచేసరికి కారు రంగు బొబ్బలెక్కి ఊడిపోతోంది. ముందు భాగమంతా ఇనుము బయటపడింది. ముట్టుకుంటే వేళ్ళు జారాయి, మండాయి. కాస్టిక్ సోడా నీళ్ళు. ఆ పాళ్ళు నాకు తెలుసు. నేను నేర్పినవే.

హాల్లో నా బల్ల తీసేశారు. నా పెట్టెల్లో కూపన్లు బర్నీటా పంచుతోంది.

ఆర్డిస్


టొలీడో
డిసెంబరు 15

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. బావ అలాంటి మనిషి కాదు. కాదంటే కాదు.

ఒక్క సంగతి రాయి. ఆ కవర్లు ఎలాంటివి? పొడుగువా, చిన్నవా? ఏ రంగు? మిగిలిన మూల మీద పంది బొమ్మ కింద ఏమైనా అచ్చయి ఉందా? చెక్కులు ఎంతకని బర్నీటా మరిది చెప్పాడా? అందులో పేర్లు అన్నీ ఒకేలా ఉన్నాయా? నాకు ఎందుకని అడక్కు, ముందు రాయి.

క్లబ్బువాళ్ళు వచ్చి కూర్చున్నారు. తర్వాత వివరంగా రాస్తాను. బావతో దెబ్బలాడకు, నా తర్వాతి ఉత్తరం దాకా ఓపిక పట్టు.

లవోన్


నెల్స్‌బర్గ్
1985 జనవరి 6

లవోన్,

కవరు ఏ రంగని అడిగావు. నీకేమైనా మతి పోయిందా? ఇక్కడ రంగులు చూసే తీరికలో ఎవరూ లేరు. క్రిస్మస్ పండక్కి ఉత్తరం రాస్తావని చూశాను, అదీ లేదు.

డిసెంబరు 28 శుక్రవారం మధ్యాహ్నం కొట్టుకు వెళ్ళాం. యూనియన్ మా పేరు కొట్టేసింది, ఆ నలభై కూడా ఆగిపోయింది. చేతిలో ఉన్నవి పద్నాలుగు కూపన్లు, తొమ్మిది డాలర్లు. మీ బావ మొదటి సంచీ తీసుకుని కారు దగ్గరికి వెళ్ళాడు. నేను డబ్బు కట్టే వరసలో ఉన్నాను. అద్దంలోంచి చూస్తే మా కారు పక్కన నలుగురు మనుషులు కింద దేన్నో తంతున్నారు. టోపీలు గడ్డం దాకా లాక్కున్నారు. ఒకడి చేతిలో గొడ్డలి కర్ర. బంగాళాదుంపలు మంచు మీద దొర్లుతున్నాయి.

వరసలో నా వెనక ఎనిమిది మంది ఉన్నారు. అందరూ చూశారు. అందరూ చూయింగ్ గమ్ముల వైపు తిరిగారు.

కౌంటరు అమ్మాయి, "ఇంకా ఉన్నాయా కూపన్లు?" అంది.

నా చేతిలో రెండున్నాయి. ఇచ్చాను. అవి కొట్టేదాకా నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. కింద ఉన్నది మీ బావేనని నాకు తెలుసు, లవోన్. చిల్లర తీసుకుని బయటికి వెళ్ళాను.

పక్కటెముకలు మూడు విరిగాయి. ఎడమ చేతి వేళ్ళు రెండు. కింది పెదవి చీలి గడ్డం మీదకు జారింది. ఆయన లేవబోతే ఒకడు మా సొంత టమాటా డబ్బాతోనే చెవి మీద కొట్టాడు. "కంపెనీ కుక్కా, చెక్కు తెచ్చి కట్టు కట్టించుకో" అన్నాడట. ఆ గొంతు ఎవరిదో మీ బావకు తెలుసు. షెరీఫుకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

ఇంటికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి రక్తం తుడుస్తూ అన్నాను: "ఇప్పటికైనా హాలుకు వెళ్ళి తీసుకున్నానని ఒప్పుకో. కాళ్ళు పట్టుకుంటే వదిలేస్తారు."

ఆయన పెదవి కదలదు. అయినా నవ్వాడు. "ఒప్పుకోమంటావు. నేను."

ఆ రోజు నుంచి నేను కుట్టుమిషను గదిలో పడుకుంటున్నాను. అన్నం వండి పెడతాను. మాట్లాడను. నాన్న ఇదే ఫ్యాక్టరీ గేటు దగ్గర 1946 సమ్మెలో తల పగలగొట్టించుకున్నాడు. ఆయన కూతురు కంపెనీ డబ్బు తినే మనిషికి రొట్టె కాలుస్తోంది.

ఆర్డిస్


టొలీడో
జనవరి 10
ఎక్స్‌ప్రెస్ తపాలా

అక్కా,

ఇది చదివేటప్పుడు కూర్చుని చదువు. బావను పిలిచి పక్కన కూర్చోబెట్టుకో.

ఆ చెక్కులు నేను పంపించినవి.

అక్టోబరులో ట్రోస్విక్ వాళ్ళు ఒక ప్రకటన ఇచ్చారు. వాళ్ళ మాంసం డబ్బాల లేబుళ్ళు పన్నెండు పంపితే ఐదు డాలర్ల చెక్కు. మా క్లబ్బువాళ్ళ అటకల మీద పాత లేబుళ్ళు నూటికి పైగా దొరికాయి. ఎవరూ కొత్తగా ఒక్క డబ్బా కొనలేదు, ఒట్టు. మీ జీతం తగ్గించిన కంపెనీ చేతే మీకు డబ్బు కట్టిద్దామనుకున్నాను. ఇంటికి ఒక్కటే అన్నారు గనక బావ పేరు రకరకాలుగా రాసి, మీ ఇంటి నంబరు వీలైనన్ని విధాలుగా మార్చి, తొమ్మిది ఫారాలు నింపాను. మేమందరం చేసే పనే, నీకు తెలుసు. నువ్వూ 1979లో నా పేరు మీద వెన్న లేబుళ్ళు పంపావు. కంపెనీని ఇక్కణ్ణుంచి కొట్టే దారి అని రాశానే, ఇదే అది. నేను రాసిన కానుక కూడా ఇదే. డెల్బర్ట్ పార్సెల్ కాదు.

సమ్మె జరుగుతున్న ఊళ్ళో ఆ కవరు కనిపిస్తే ఏమవుతుందో నాకు తట్టలేదు. నేను చూసింది ఐదు డాలర్లనే.

డిసెంబరులో నీ ఉత్తరం చదవగానే తెలిసిపోయింది. తెలిసీ కవరు రంగు అడిగాను. వేరే కవరు అయితే బాగుండునని. నీ మొహం, బావ మొహం తలుచుకుని పండగంతా కలం పట్టుకోలేకపోయాను. అప్పుడే రాసి ఉంటే ఇరవై ఎనిమిదో తేదీలోపే చేరేది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

యూనియన్ ఆఫీసుకు మూడుసార్లు ఫోన్ చేశాను. హౌగెన్ అనగానే పెట్టేశారు. అందుకే నోటరీ ముందు సంతకం చేసిన కాగితం దీనితో పెట్టాను. మా క్లబ్బు పదకొండు మంది కూడా సంతకాలు చేశారు. హాల్లో చదివి వినిపించు. నన్ను వచ్చి నిలబడమంటే వస్తాను, వాళ్ళు నన్ను కొట్టినా సరే.

ఇంకో సంగతి. తొమ్మిదిలో నాలుగే వచ్చాయి. ఇంకా ఐదు రావాలి. వచ్చినవి వచ్చినట్టు పోస్టాఫీసులో అందరి ముందూ తెరిపించు.

నన్ను క్షమించమని ఇప్పుడే అడగను. బావకు చెప్పు, లవోన్ చేసిన పని అని. ఆయన పేరు బాగుచెయ్యి అక్కా.

లవోన్


నెల్స్‌బర్గ్
జనవరి 27

లవోన్,

నీ ఉత్తరం 14వ తేదీ సోమవారం పన్నెండు గంటలకు అందింది. మీ బావ ఇంట్లో లేడు. తిన్నగా హాలుకు వెళ్ళాను. బర్నీటా నన్ను గుమ్మంలో ఆపింది. "చదవడానికి వచ్చాను, తిండికి కాదు" అన్నాను. బల్ల ఎక్కి నిలబడి నోటరీ కాగితం చదివాను, పదకొండు పేర్లతో సహా.

లైల్ కాగితం తీసుకుని తనలో తాను మళ్ళీ చదువుకున్నాడు. "ఐదు డాలర్లు," అన్నాడు. "ఐదేసి డాలర్లు." చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కుడి చెయ్యి పిడికిలి మీద మానుతున్న గాటు నేను చూశాను. ఆర్లో పేరు మళ్ళీ రాస్తాం, రేపు పొద్దున అతన్ని తీసుకుని గేటుకు రా, అందరి ముందూ చెయ్యి కలుపుతాను అన్నాడు. బర్నీటా ఏడ్చింది. నా బల్ల వాళ్ళే తెచ్చి దాని చోట్లో పెట్టారు.

ఇంటికి పరిగెత్తాను. మీ బావ వంటింట్లో కత్తికి పదును పెడుతున్నాడు. తెల్లని ఫ్యాక్టరీ కోటు కుర్చీ మీద ఉంది. నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివాడు.

"లవోనా!" అన్నాడు. "నేను నువ్వనుకున్నాను."

నాకు అర్థం కాలేదు.

"కవరు తెరిస్తే, మా డబ్బాలు కొన్నందుకు కృతజ్ఞతలు అని రాసుంది. నువ్వు ఎక్కడో దొంగతనంగా కొని లేబుళ్ళు పంపావనుకున్నాను. నీ సంగతి తెలుసు కదా. బర్నీటాకు తెలిస్తే నీ పళ్ళు రాలగొడుతుందని కాల్చేశాను. కొట్టినవాళ్ళతో కూడా ఆ మాట అనలేదు."

"నన్ను ఒక్క మాట అడగొచ్చుగా."

"నువ్వు అడిగావు కదా. ఎలా అడిగావో విన్నాను."

హాలుకు రమ్మన్నాను. లైల్ చెయ్యి కలుపుతాడన్నాను. పొద్దున తొమ్మిదింటికే ఫ్యాక్టరీ ఆఫీసులో సంతకం పెట్టి వచ్చానన్నాడు. రేపు ఆరింటికి పని. "కంపెనీ మనిషినని ఊరు తేల్చింది, ఇంట్లో నువ్వు తేల్చావు. దెబ్బలు ఆ పేరుకే తిన్నాను. తిన్నదానికి కూలి తెచ్చుకుంటాను."

కాళ్ళు పట్టుకున్నాను. నిజంగానే. ఆయన కాలు మెల్లిగా విడిపించుకుని కత్తికి పదును పెట్టుకున్నాడు.

మంగళవారం పొద్దున ఆయన కంటే ముందు లేచి గేటుకు నడిచి వెళ్ళాను. సున్నాకు ఇరవై డిగ్రీలు కింద చలి. రెండు వందల మంది ఉన్నారు. మీ బావ పనిలో చేరాడని అప్పటికే అందరికీ తెలుసు. బర్నీటా నా భుజం పట్టుకుంది. "ఇవాళ ఇంటికి పో ఆర్డిస్. ఎవరూ ఏమీ అనరు." పోలేదు. రైలు పట్టాల పక్కన కంకరలోంచి రాయి నేనే ఏరుకున్నాను. ఎవరూ చేతిలో పెట్టలేదు. అద్దం పగిలితే ఆగుతాడు, ఆగితే దింపుతాను అనుకున్నాను. అప్పుడు అలా అనుకున్నానో, తర్వాత అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

రంగు ఊడిన మా కారు దూరం నుంచే తెలిసింది. జనం పైకప్పు మీద గుద్దుతుంటే నడక వేగంతో వస్తోంది. అద్దాలు మంచుకు గడ్డకట్టి ఉన్నాయి, లోపల మనిషి నీడలా ఉన్నాడు. నేను ముందుకు వచ్చి చెయ్యి ఎత్తాను. అప్పుడు అద్దం దిగడం మొదలైంది. ఆ పాత కారు అద్దం దించడానికి పిడి ఏడుసార్లు తిప్పాలి. ఎడమ చెయ్యి కట్టులో ఉంది, కుడి చేత్తో తిప్పుతున్నాడు. నేను ఆపడానికి వచ్చాననుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. అప్పటికే రాయి నా చేతిలో లేదు.

ఎడమ కన్ను తీసేశారు. ముక్కు పైన ఎముక లోపలికి పోయింది. పన్నెండు రోజులుగా రోచెస్టర్ ఆసుపత్రిలో ఉన్నాడు. నన్ను లోపలికి రానిస్తున్నారు. షెరీఫు మనిషి కాగితాలు తెచ్చి నా ఎదురుగానే అడిగాడు, ఎవరు విసిరారో చూశావా అని. "అద్దాల మీద మంచు," అన్నాడు మీ బావ. "ఏమీ కనపడలేదు." అతను రాసుకుని వెళ్ళిపోయాడు.

మంచు నిజమే. కానీ అద్దం దిగి ఉంది. నన్ను చూసే దించాడని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు నీకు తెలుసు.

ఆర్డిస్